తలుపు బయటి వాదన

...అసలు కొందరు అంటే ఎందరు? ఇద్దరైనా కొందరే, జిల్లా అంతా కలిసినా కొందరే. ఒక్కడే ఉంటే కొందరు అనవచ్చా? ఆ ఒక్కడు, రాసిన పిల్లకు తండ్రే అయితే?

జాషువా ఆ పేజీని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఖానాపురం హవేలిలో వాళ్ల ఇంటి వరండాలోకి జల్లు కొడుతోంది. కుర్చీ వెనక్కి జరుపుకోవాలన్న ధ్యాస కూడా అతనికి లేదు. కూతురు అక్సా రాసిన అంత పెద్ద వ్యాసంలో తన వాటా మూడు వాక్యాలు.

'కోయ పిల్లలకు చిన్న తరగతుల్లో ఇంటి భాషలో చదువు చెప్పడాన్ని కొందరు వ్యతిరేకిస్తారు. తెలుగు, ఇంగ్లిషు ఎంత త్వరగా నేర్పితే పిల్లలు అంత త్వరగా ముందుకు వెళ్తారని వారి నమ్మకం. ఈ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.'

పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఆ కొందరి మాట ఎక్కడ దొరికిందో కూడా రాసి ఉంది. ఒక ప్రైవేటు స్కూలు అడ్మిషన్ల కోసం పంచిన కరపత్రం.

వాక్యాలు బాగున్నాయి. ఎక్కడా ఒక మాట ఎక్కువ లేదు. అలా రాయడం నేర్పింది తనే. ఆ సంతోషం ఒక్క క్షణం వచ్చి, వచ్చినందుకు సిగ్గుపడి వెళ్లిపోయింది. మూడో వాక్యం కూడా అతన్ని అంతగా బాధపెట్టలేదు. బాధపెట్టింది 'నమ్మకం' అన్న మాట. మిగతా పేజీల్లో అందరివీ పరిశోధనలు, పరిశీలనలు. చర్ల అవతలి ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగమంతా చేసి హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషిది మాత్రం నమ్మకం. దానికి ఆధారం కరపత్రం.

అంతకుముందు ఏడో పేజీలో ఇంకొకటి ఉంది. 'ఒక పాఠశాలలో' ఇంటి భాష మాట్లాడిన పిల్లల్ని తలుపు బయట నిలబెట్టేవారట. నాగలక్ష్మి అనే తల్లి అక్సాకు చెప్పిందట. ఆ పేజీని అతను త్వరగా తిప్పేశాడు. అది ఏ బడి అయినా కావచ్చు.

"ఆ కాగితాలు నావి డాడీ."

అక్సా గడపలో నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"తెలుసు. అండ్ల నేను కూడ ఉన్న కదా. మూడు లైన్లు."

"మీ పేరు యాడ రాయలే నేను."

"అదే అంటున్న."

అక్సా చెయ్యి చాపింది. అతను కాగితాలు ఇవ్వలేదు.

"మొన్న కూసోని మాట్లాడితే మూడు లైన్లు కాదు, మూడు పేజీలు అయ్యేది. ఫోన్ ముందర పెట్టంగనే లేచిపోయిండ్రు."

"రికార్డు పెడ్తవా నాకు? పోలీస్ స్టేషన్ల దొంగను అడిగినట్టు?"

"ఇంటర్వ్యూ అంటే గట్లనే ఉంటది."

"నేను నీకు నాయనను. ఇంటర్వ్యూ కాదు."

"మీరు నాయన అయినందుకే కదా ఇంత తంటా!" అక్సా గొంతు లేచింది, మళ్లీ తగ్గింది. "మా గైడు సరళ మేడం ఏమన్నదో తెలుసా? ఎదుటోళ్ల చేతులు కట్టేసి కుస్తీ పట్టినవ్ అన్నది. వాళ్ల వాదన వాళ్లే చదివినా 'అవ్, మేం అన్నది ఇదే' అనాలె, అట్ల రాసుకరా అన్నది. కరపత్రాలు, యూట్యూబు నడవయ్ అన్నది. సోమవారం పొద్దుగాల్ల వరకు ఆ భాగం సక్కగ రాయకపోతే సంతకం పెట్టదట. సంతకం లేకపోతే వ్యాసం ముందుకు పోదు. పోకపోతే పీహెచ్‌డీకి నన్ను పిలిచేటోడు ఎవడు?"

"అంటే మీ మేడం నా దిక్కే ఉన్నది."

"ఆమె ఎవరి దిక్కు లేదు. న్యాయంగ రాయమంటున్నది."

"అయితే రాయి. నేను చెప్తున్న కదా. ఇన్నేండ్లు ఆ పిల్లల నడుమ ఉన్న. నేను చెప్పేది ఆధారం కాదా?"

"గిట్ల వరండాల కూసోని కోపంగ చెప్తే కాదు." ఆమె మెల్లగా అంది. "ఎవరు చెప్పిండ్రో పేరు ఉండాలె. రాసుకోనీకి వాళ్లు ఒప్పుకోవాలె. నేను ఎదురు ప్రశ్న అడగాలె, దానికి కూడ వాళ్లు జవాబు చెప్పాలె."

ఎదురు ప్రశ్న.

జాషువా కాగితాలు కుర్చీ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

*

ఆ ఇంట్లో ఎదురు ప్రశ్న లేని చోటు ఒకటుంది. రాత్రి భోజనానికి ముందు చాప మీద కూర్చుని చేసుకునే కుటుంబ ప్రార్థన. చిన్నవాళ్లు ముందు, ఇంటి యజమాని చివర. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఉండాలి, అడ్డం మాట్లాడకూడదు, చివర ఆమేన్ అనాలి. నేరుగా అనలేని మాటలన్నీ అక్కడ దేవుడి మీదుగా వెళ్లేవి. "ప్రభువా, మిక్సీ జారు పగిలి రెండు నెలలాయె, ఈ ఇంటి యజమాని మనసు కరిగించు తండ్రీ" అని అతని భార్య సవరమ్మ ఒకసారి ప్రార్థిస్తే మర్నాడు కొత్త జారు వచ్చింది.

ఆ శనివారం రాత్రి కూడా అక్సా మొదలుపెట్టింది. "ప్రభువా, పెద్దవాళ్లకు మనసు విప్పి మాట్లాడే ధైర్యం ఇయ్యి. ఆమేన్."

సవరమ్మ గొంతు సవరించుకుంది. "ప్రభువా, అడకత్తెరలో పోకచెక్క లెక్క నేను ఈ ఇద్దరి నడుమ ఉన్న. పప్పు రోజూ సల్లారిపోతున్నది. నీకు తెల్వనిది ఏమున్నది. ఆమేన్."

జాషువా వంతు వచ్చింది. "పరలోకమందున్న తండ్రీ, చదువు ఎక్కువైన చోట వినయం కూడ ఇయ్యి. మనిషి బతుకంతా చేసిన పనిని మూడు లైన్లల్ల పెట్టే చేతులను క్షమించు. కన్నవాళ్ల మాట కంటే కరపత్రం మాటను నమ్మేటోళ్లను క్షమించు. ఆమేన్."

సవరమ్మ ఆమేన్ అంది. అక్సా ఆమేన్ చాలాసేపటికి వచ్చింది. అది వచ్చేదాకా ముగ్గురూ కళ్లు మూసుకునే ఉన్నారు.

గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. ఇన్నేళ్లుగా తను చివరి మాట అన్న చోటల్లా ఎవరికీ జవాబు చెప్పే వీలు లేదు కదా అన్న ఊహ ఒకటి వచ్చింది. దాన్ని అతను పక్కకు నెట్టాడు. నెట్టిన చోట ఇంకో ఊహ తట్టింది.

సాక్ష్యం.

చర్చిలో ఎవరో ఒకరు లేచి నిలబడతారు. నేను మంచంలో ఉన్నాను, ఇవాళ మీ ముందు నిలబడ్డాను అంటారు. ఏ డాక్టరు చూశాడని ఎవరూ అడగరు. నిలబడ్డ మనిషే రుజువు. అక్సాకు కావలసింది పేరున్న మనిషే అయితే తన దగ్గర ఒకడున్నాడు.

అన్నం తినకుండానే సీతయ్యకు ఫోన్ చేశాడు.

*

ఆదివారం మధ్యాహ్నం సీతయ్య జూలూరుపాడు నుంచి బండి మీద తడుస్తూ వచ్చాడు. అక్కడి మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఒకటో తరగతి నుంచి జాషువా చేతుల మీదుగా చదివినవాడు. రెయిన్‌కోటు గేటుకు తగిలించి, సవరమ్మ చేతిలో సంచి పెట్టాడు.

"బోడకాకరకాయలు మేడం. మా అమ్మ పంపింది."

"ముత్తక్కకు ఎంత యాదో చూడు మేమంటే! తల తుడుసుకో బాబూ, జలుబు చేస్తది."

జాషువా తెల్ల చొక్కా కూడా మార్చుకోకుండా చర్చి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే కూర్చుని ఉన్నాడు. అక్సాను పిలిచాడు. టీపాయ్ మీద పరిశుద్ధ గ్రంథం పెట్టాడు.

"పెట్టు, నీ ఫోన్ పెట్టు. రికార్డు కావాలన్నవ్ కదా. పేరు చెప్తడు, ఒప్పుకుంటడు. సీతయ్యా, నిలబడు."

"కూసోని చెప్తడు లెండి డాడీ."

"సాక్ష్యం నిలబడే చెప్తరు. గ్రంథం మీద చెయ్యి పెట్టు."

సీతయ్య ఇబ్బందిగా నవ్వాడు. "సార్, నాకు మా వేల్పులున్నరు కదా. ఈ దేవుడు ఏమనుకుంటడో."

"ఏమనుకోడు. చెయ్యి కడుక్కున్నవా?" అంది సవరమ్మ వంటింట్లోంచి. అక్సాకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వుతుంటే జాషువాకు కూడా పెదవి కదిలింది. ఇన్ని రోజులకు ఆ ఇంట్లో గాలి ఆడినట్టయింది.

సీతయ్య గ్రంథం మీద వేళ్ల కొసలు మాత్రం ఆనించి నిలబడ్డాడు.

"నా పేరు కుంజా సీతయ్య. మాది చర్ల అవతల అడివిల ఊరు. బడికి వచ్చినప్పుడు నాకు తెలుగు రాదు. ఇయ్యాల ఆఫీసుల ఎవరొచ్చినా తెలుగుల అర్జీ రాసిస్త, పైనుంచి ఇంగ్లిషుల కాయితం వస్తే చదువుత. ఇదంతా జాషువా సార్ పెట్టిన భిక్ష."

జాషువా కూతురి వైపు చూశాడు. ఆమె పెన్ను కదులుతోంది.

"సార్ రూలు ఒకటి ఉండేది." సీతయ్య గొంతు విప్పారింది. "తరగతిల మా భాష ఒక్క ముక్క నోట్లకెల్లి వచ్చినా తలుపు బయట నిలబడాలె. 'సార్, లోపలికి రావచ్చా' అని తెలుగుల అడిగినంక లోపలికి. వానొచ్చినా గంతే, చలైనా గంతే. మొదటి ఏడు నేను లోపల కంటే బయటనే ఎక్కువున్న!" పెద్దగా నవ్వాడు. "బయట నిలబడి లోపలి మాట ఇని ఇని నేర్సుకున్న. నాతోటి మా ఊరోళ్లు వచ్చిండ్రు, మస్తుమంది. అడగరాక ఇంటికి పోయిండ్రు. మళ్ల రాలే. నేను మిగిలిన. ఆ తలుపే లేకపోతే నేను లేను చెల్లె. రాసుకో."

పెన్ను ఆగిపోయింది.

అక్సా తండ్రి వైపు చూడలేదు. చూడకపోవడం అతనికి స్పష్టంగా తెలిసింది. తను పిలిపించిన మనిషి, తన చొక్కా పట్టుకుని, ప్రేమగా, ఏడో పేజీలోని ఆ తలుపు దగ్గరకు తీసుకెళ్లి నిలబెట్టాడు.

"సీతయ్యన్నా, ఒకటి అడగనా?" ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మీ పాప ఇంట్ల ఏ భాష మాట్లాడ్తది?"

"తెలుగే. స్కూల్ల ఇంగ్లిషు మీడియం."

"మరి ముత్తక్కతోని?"

"మా అమ్మ ఫోన్ చేస్తే పాప ఫోన్ తెచ్చి నా చేతుల పెడ్తది. నానమ్మ మాట దానికి రాదు. అమ్మకు ఏదో సంత తెలుగు వస్తది గని, ముద్దు చేసుడు మా భాషలనే వస్తది ఆమెకు. నేను ఇటుది అటు, అటుది ఇటు చెప్త."

"గది మీకు ఎట్ల అనిపిస్తదన్నా?"

సీతయ్య గ్రంథం మీది వేళ్లు తీసి, ప్యాంటుకు తుడుచుకుని, జాషువా వైపు తిరిగాడు.

"సార్... దీనికి ఏం చెప్పమంటరు?"

ఎగతాళి కాదు. అందులో ఏ నిష్ఠూరమూ లేదు. తరగతిలో లెక్క రాక నిలబడ్డ పిల్లవాడి ముఖమే అది, అంతే నమ్మకంగా జవాబు కోసం చూస్తోంది.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. జాషువా గ్రంథాన్ని టీపాయ్ మధ్యకు జరిపాడు.

"మీరు ఎట్ల అంటే అట్లనే సార్," అన్నాడు సీతయ్య, ఆయనకు సాయం చేస్తున్నట్టు.

అక్సా వంగి రికార్డు ఆపేసింది.

*

సీతయ్య తిని వెళ్లాడు. గేటు దాకా వెళ్లి సాగనంపిన జాషువా చాలాసేపటి దాకా లోపలికి రాలేదు. వచ్చేసరికి అక్సా చాప మీద కాగితాలు పరుచుకుని వాటిని చూస్తూ కూర్చుంది. రాయడం లేదు.

"ఆ తలుపు మన బడిదేనా డాడీ?"

"ప్రతి బడికి తలుపు ఉంటది."

"ఏడో పేజీల తలుపు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాగలక్ష్మి పేరు చెప్పలే. 'పెద్ద సారు' అన్నది. మళ్లమళ్ల అడిగిన. నీకు చెప్తే బాగుండదు బిడ్డా అన్నది. నేను, భయపడుతున్నదేమో అనుకున్న." అక్సా ఒక కాగితం తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. "నా ముఖంల మిమ్మల్ని చూసి ఆగిపోయిందేమో."

"ఇప్పుడు ఏం రాస్తవ్?"

"తెల్వదు."

"సీతయ్య చెప్పింది రాయొచ్చు కదా."

"ఎటు దిక్కు పెట్టాలె దాన్ని? మీ దిక్కా, నా దిక్కా?" ఆమె కోపంగా అడగలేదు. అదే అతనికి భరించరానిదైంది. "ఆయన మిగిలిండు, నిజం. తక్కినోళ్లు పోయిండ్రు, అదీ నిజం. పైగా జవాబు మిమ్మల్నే అడిగిండు. మీరు చెప్పమన్నది చెప్పే మనిషి మాటను ఆధారం అని మేడం ముందర నేనెట్ల పెట్టాలె?"

"అయితే ఆ మూడు లైన్లు తీసెయ్యి. నేను లేనట్టే రాయి."

"తీసేస్తే సంతకం రాదు. ఉంచితే మీరు కొందరు. మీ పేరు పెడితే ఆ తలుపు మీదైతది." అక్సా కాగితాలు దగ్గరకు లాగింది, సర్దలేదు. "మీరు దుర్మార్గులని రాయాలని నాకు లేదు డాడీ. మీరు గట్ల ఎందుకు చేసిండ్రో నాకు తెల్వదు. ఎన్నడూ చెప్పలే. చెప్పనిది నేను ఎక్కడికెల్లి తేవాలె?"

సవరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది. "చెప్పండయ్యా ఏదో ఒకటి. పిల్ల రేపు పొద్దున్నే పోవాలె."

"ఏం చెప్పాలె?"

"నాకేం తెలుసు. నాకూ చెప్పలే మీరు."

నిజమే. ఆమెకూ చెప్పలేదు.

*

ప్రార్థన వేళకు వాన తగ్గింది. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. మధ్యలో గ్రంథం, పాటల పుస్తకం. అక్సా ఫోన్ ఆమె మోకాలి పక్కన వెల్లకిలా పడి ఉంది. సరళ మేడం ఫోన్ చేస్తుందేమోనని దాన్ని వదలడం లేదు.

కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా," అంది అక్సా. తర్వాత ఏమీ రాలేదు. "ఆమేన్."

"ప్రభువా, రేపు సోమవారం," అంది సవరమ్మ. ఆమె కూడా అక్కడే ఆగిపోయింది. "ఆమేన్."

అతని వంతు.

భద్రాచలం దవాఖానా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్త. బడి పిల్లవాడు ఒకడు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. తల్లి ఏదో చెబుతోంది, ఆగకుండా చెబుతోంది. డాక్టరు ఆమెనే అడుగుతున్నాడు, ఎప్పటినుంచి, ఏం తిన్నాడు అని. ఆమె డాక్టరు చెయ్యి పట్టుకుని పిల్లవాడి పొట్ట మీద పెట్టింది. నర్సు ఆమె చేతిని విదిలించింది. జాషువా అక్కడే ఉన్నాడు. అతనికీ ఆమె మాట ఒక్కటీ తెలియదు. పిల్లవాడిని సాయంత్రం తీసుకెళ్లిపోయారు, గుడ్డ కప్పి. బడికి తిరిగి వచ్చిన మర్నాడే తలుపు రూలు పెట్టాడు. ఇంకే పిల్లవాడూ నొప్పి చెప్పలేక పోకూడదు అనుకున్నాడు. అనుకున్నది అంతే.

తల్లికి తెలుగు రాకపోవడం వల్లే అనుకున్నాడు. డాక్టరు, నర్సు, తను, ముగ్గురిలో ఒక్కరికీ ఆమె భాష రాకపోవడం వల్ల అని ఎందుకు అనుకోలేదు? ఆ ప్రశ్న అతనిది కాదు. అక్సా అడగబోయే ప్రశ్న. ఆమె గొంతుతోనే వినపడింది. దానికి తన దగ్గర జవాబు ఉందో లేదో అతనికి తెలియలేదు. సీతయ్యలా ఎవరి వైపు తిరగాలో కూడా తెలియలేదు.

ఇదంతా ఇప్పుడు తండ్రీ అని మొదలుపెట్టి చెప్పేయవచ్చు. ఎవరూ అడ్డం రారు. సవరమ్మ ఏడుస్తుంది. అక్సా ఆమేన్ అంటుంది, అనాలి కాబట్టి. ఎదురు ప్రశ్న లేని ఆ మాట కాగితం మీదికి రాదు.

బయట షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. సవరమ్మ గొంతులో చిన్నగా దగ్గింది, మొదలుపెట్టండి అన్నట్టు.

జాషువా కళ్లు తెరిచాడు. ప్రార్థనలో అతను కళ్లు తెరవడం అదే మొదలు. భార్య ముఖం, కూతురి ముఖం, మూసిన రెప్పలు. రెండింటిలో ఒకే రకమైన అలసట.

చెయ్యి చాపి అక్సా మోకాలి పక్కన ఉన్న ఫోన్‌ని చాప మీదుగా తన ముందుకు లాక్కున్నాడు. తెర తట్టగానే మధ్యాహ్నం ఆమె తెరిచిన రికార్డు పేజీ కనిపించింది. ఎర్ర చుక్క మీద నొక్కాడు.

ఆ చిన్న చప్పుడుకు అక్సా కళ్లు తెరిచింది.